గార, పుచ్చు, బోరు నీళ్ళు: మీ పళ్ళ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్నూలు, అనంతపురం, కడప వైపువి. అడిగిన తీరు వేరైనా చాలావాటిలో ఒక మాట మళ్ళీ మళ్ళీ కనిపించింది: "ఇప్పుడైతే నొప్పి లేదు, మరి చూపించుకోవాలా?" పన్ను విషయంలో నొప్పి అన్నిటికన్నా చివర వచ్చే కబురు. పన్ను పైపెంకు ఎనామిల్‌లో నరం ఉండదు. పుచ్చు అక్కడున్నన్నాళ్ళూ ఏమీ తెలియదు. చిగుళ్ళ జబ్బయితే పన్ను కదిలేదాకా చప్పుడు చేయకుండా లోపలి ఎముకను తినేస్తుంది. కింది జవాబులు ఈ సంగతి మనసులో పెట్టుకొని చదవండి.

పండ్లు క్లీనింగ్ చేయిస్తే వదులైపోతాయని మా వీధిలో అందరూ అంటారు. మా అత్తకు చేయించినాక నిజంగానే ముందరి పండ్లు కదులుతున్నాయి. నాకు బ్రష్ చేసేటప్పుడు నెత్తురు కనపడుతుంది. చేయించుకోవాలా, వద్దా? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

చేయించుకోండి, ఆలస్యం చేయకుండా. నెత్తురు రావడమంటే చిగురు వాచి ఉందని అర్థం. బ్రష్ గట్టిగా తగిలి వచ్చిందనుకొని ఆ చోట తోమడం మానేస్తారు చాలామంది. అప్పుడు పాచి ఇంకా పేరుకొని నెత్తురు ఇంకా ఎక్కువవుతుంది.

పాచి అంటే సూక్ష్మజీవుల మెత్తటి పొర. తోమితే పోతుంది. తోమకుండా వదిలేస్తే ఉమ్మిలోని కాల్షియం దానిలో చేరి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడటం మొదలై గారగా మారుతుంది. గారను ఏ బ్రష్షూ తీయలేదు. ఉమ్మి గ్రంథుల నోళ్ళు తెరుచుకునేది కింది ముందరి పళ్ళ వెనకవైపు, పై దవడ పళ్ళ బుగ్గవైపు. అందుకే గార అక్కడే ఎక్కువ. అద్దంలో చూస్తే కనపడదు, నాలుకతో తడిమితే గరుకుగా తగులుతుంది.

క్లీనింగ్ యంత్రం మొన సెకనుకు పాతిక వేల సార్లకు పైగా సన్నగా కంపిస్తుంది. ఆ కంపనానికి గార పగిలి ఊడివస్తుంది, వెంట వచ్చే నీళ్ళు వేడిని లాగేసి ముక్కల్ని కడిగేస్తాయి. అది పన్నును అరగదీసే ఆకురాయి కాదు. మరి మీ అత్తగారి పళ్ళు ఎందుకు కదిలాయి? ఆమె పళ్ళ చుట్టూ ఎముక ఏళ్ళ తరబడి తరిగిపోయి ఉంటుంది. పక్కపక్క పళ్ళన్నిటినీ గార ఒక గోడలా అతికి పట్టుకొని ఉండేది. గార తీసేసరికి అప్పటికే ఉన్న కదలిక బయటపడింది. గార అలాగే ఉంచితే పళ్ళు నిలుస్తాయా అంటే నిలవవు. ఎముక ఇంకా తరిగి, గారతో సహా పన్ను చేతికి వస్తుంది.

చేయించుకున్నాక వారం, పది రోజులు చల్లటి నీళ్ళకు జివ్వుమనడం మామూలే. గార కప్పిన వేరు భాగం గాలి తగిలి అలా చేస్తుంది. పళ్ళ మధ్య సందులు కనపడతాయి. అవి కొత్తగా పడినవి కావు, గార నింపిన ఖాళీలే. ఆ రోజు మిరపకాయ బజ్జీ, ఎర్రకారం దోసె జోలికి పోకండి. గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర టీస్పూను ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించండి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిచ్చి ఉంటే, తోమిన అరగంట తర్వాత వాడండి. పేస్టులోని నురుగు పదార్థం దాని పనిని చెడగొడుతుంది. రెండు వారాలు దాటి వాడితే పళ్ళు గోధుమరంగు తిరుగుతాయి, రుచి మందగిస్తుంది.

డాక్టరు సన్నటి కొలకర్రతో చిగురుకూ పన్నుకూ మధ్య లోతు కొలిచారా అని తప్పక అడగండి. 3 మిల్లీమీటర్ల దాకా మామూలు. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పై క్లీనింగ్ చాలదు, మత్తు ఇచ్చి వేరు మీది గారను కూడా గీకాలి. కొలవకుండా పైపైన తుడిచి పంపితే డబ్బు ఖర్చయి జబ్బు అలాగే ఉంటుంది.

మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. నా కొడుకుకు తొమ్మిదేండ్లు. కొత్తగా వచ్చిన ముందరి పండ్ల మీద తెల్ల చారలు, గోధుమరంగు మచ్చలు ఉన్నాయి. ఎంత తోమినా పోవడం లేదు. బడిలో పిల్లలు నవ్వుతున్నారంట. చిన్నబిడ్డకు రెండేండ్లు. ఆమెకూ ఇట్లే వస్తాయా? – ఒక తల్లి

మీ బాబు సరిగ్గా తోమకపోవడం వల్ల వచ్చినవి కావు ఆ మచ్చలు. ముందుగా ఆ మాట బాబుకు చెప్పండి, బడిలోనూ చెప్పించండి. ఇది ఫ్లోరోసిస్. అనంతపురం జిల్లాలో చాలా పల్లెల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఇక్కడి గ్రానైట్ జాతి రాళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ ఖనిజాలు లోతు నీళ్ళలో ఏళ్ళ తరబడి కరుగుతూ ఉంటాయి. వాన తక్కువై బోరు లోతుకు పోయే కొద్దీ బాధ పెరుగుతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం.

శాశ్వత పళ్ళ ఎనామిల్ దవడ లోపల తయారయ్యేది పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ళ దాకా. ఆ వయసులో తాగిన నీళ్ళ ఫ్లోరైడే పన్ను మీద మచ్చగా బయటికి వస్తుంది. ముందరి పళ్ళకైతే మరీ ముఖ్యమైన కాలం ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ మధ్య. అంటే మీ చిన్నబిడ్డ ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉంది. పెద్దవాడికి జరిగిపోయింది, ఆమెకు మీరు ఆపగలరు.

మొదట నీళ్ళు పరీక్ష చేయించండి. లీటరు పట్టే శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్ళతో రెండుసార్లు తొలిచి, బోరు ఐదు నిమిషాలు పారిన తర్వాత నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ లెక్క తేడా రావచ్చు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో చూస్తారు. ఎక్కడ ఇవ్వాలో గ్రామ సచివాలయంలో అడగండి. ఇంట్లో వాడే టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్ చూపదు. అది మొత్తం లవణాల లెక్క మాత్రమే.

నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. ఆవిరయ్యేది నీళ్ళే కాబట్టి మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. బట్టతో వడపోసినా, కుండలో నిలవబెట్టినా లాభం లేదు. ఆర్వో యంత్రం చాలావరకు తీసేస్తుంది, కానీ లోపలి పొర పాతబడితే తీయదు. ఏడాదికోసారి యంత్రం నుంచి వచ్చిన నీళ్ళు కూడా పరీక్షకు ఇవ్వండి. మీ ఊరికి సత్యసాయి తాగునీటి పథకం నీళ్ళో, ప్రభుత్వ రక్షిత మంచినీళ్ళో వస్తుంటే అవి తాగడానికి, వంటకు రెండింటికీ వాడండి. చాలా ఇళ్ళలో తాగడానికి క్యాన్ నీళ్ళు తెచ్చి, అన్నం, పప్పు, సంగటి మాత్రం బోరు నీళ్ళతో వండుతారు. వంటలో ఇంకిన ఫ్లోరైడూ కడుపులోకే పోతుంది. డబ్బాపాలు కలిపేదీ మంచి నీళ్ళతోనే. తల్లిపాలలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. తిండిలో కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. పాలు, పెరుగు, రాగి జావ ఈ వయసులో మానవద్దు. పిల్లలకు టీ వద్దు, తేయాకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

ఇక పెద్దవాడి మచ్చలు. మచ్చ పైపైన ఉంటే, పలచని ఆమ్లం, ప్యూమిస్ పొడి కలిపిన ముద్దతో డాక్టరు పై పొరను సన్నగా రుద్ది మచ్చ తగ్గిస్తారు. చిగుళ్ళకు తగలకుండా రబ్బరు తొడుగు వేసి చేయాల్సిన పని ఇది, ఇంట్లో నిమ్మరసం, సోడాతో ప్రయత్నించే పని కాదు. లోతు మచ్చలకు, గుంటలకు పన్ను రంగు సిమెంటుతో కప్పుతారు. ఫ్లోరోసిస్ పన్ను మీద ఆ సిమెంటు తేలిగ్గా అతకదు. అందుకని ఆమ్లం పట్టించే సమయాన్ని మామూలు కంటే పెంచుతారు. పింగాణీ తొడుగులు మాత్రం 18 ఏళ్ళు దాటాకే. పెరిగే వయసులో చిగురు జరుగుతూ ఉంటుంది, పన్ను లోపలి నరం పెద్దగా ఉంటుంది, అరగదీస్తే దెబ్బతింటుంది.

పేస్టు మానేయాలా అని చాలామంది అడుగుతారు. ఆరేళ్ళు దాటి, ఉమ్మేయడం వచ్చిన పిల్లలు మామూలు ఫ్లోరైడ్ పేస్టే వాడాలి. ఫ్లోరోసిస్ ఉన్న పన్ను గట్టిగా ఉంటుందనేది అపోహ. గుంటలు పడిన పన్ను తొందరగా పుచ్చుతుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 దాటిన ఊళ్ళో ఆరేళ్ళలోపు పిల్లలకు ఏ పేస్టు, ఎంత అన్నది నీటి పరీక్ష కాగితం చూపించి దంతవైద్యుడి దగ్గరే నిర్ణయించుకోండి.

వేప పుల్లతో తోమిన మా జేజికి ఎనభై ఏండ్లకూ పండ్లు గట్టిగా ఉండె. పేస్టులు వచ్చినాకే మా పండ్లు చెడిపోయినాయని నా నమ్మకం. చిగుళ్ళ దగ్గర పన్ను కోసినట్టు గాడి పడింది, చీనీ రసం తాగితే పులిసిపోతుంది. – గుంతకల్లు నుంచి ఒక రైల్వే ఉద్యోగి

మీ జేజి కాలంలో చక్కెర ఇప్పుడు తిన్నన్నిసార్లు తినేవాళ్ళు కాదు. సంగటి, రొట్టె, ఊరిబిండి తిన్న నోటికీ, రోజుకు నాలుగు టీలు, బిస్కెట్లు పడే నోటికీ తేడా ఉంది. తీపి తిన్న ప్రతిసారీ అరగంట దాకా నోట్లో ఆమ్లం ఉంటుంది. ఎంత తిన్నారన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే పన్నుకు లెక్క. వేప పుల్ల వాడవచ్చు. చివర బాగా నమిలి మెత్తటి కుచ్చు చేసి, చిగురు నుంచి పన్ను కొనవైపుకు తోమాలి, అడ్డంగా రంపంలా కాదు. వెనక దవడ పళ్ళ లోపలివైపుకు పుల్ల చేరదు, దానిలో ఫ్లోరైడ్ లేదు. అందుకే రాత్రి ఒక్కసారైనా బ్రష్, పేస్టు ఉండాలి. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు రాళ్ళు పన్నును గీరేస్తాయి. కొన్ని పళ్ళపొడుల్లో పొగాకు ఉంటుంది, అవి తోమడం కాదు, అలవాటు పడటం.

మీ పన్ను మీద గాడి గట్టి బ్రష్షుతో అడ్డంగా రుద్దడం వల్ల పడేది. మెత్తటి బ్రష్ కొనండి. చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో ఆనించి, చిన్నచిన్న వలయాలుగా, చిగురు నుంచి బయటికి ఊడ్చినట్టు తోమండి. మొత్తం రెండు నిమిషాలు, పొద్దున ఒకసారి, రాత్రి పడుకునేముందు ఒకసారి. నిద్రలో ఉమ్మి తగ్గుతుంది కాబట్టి రాత్రిదే ముఖ్యం. తోమాక నురుగు ఉమ్మేసి ఊరుకోండి, గ్లాసెడు నీళ్ళతో పుక్కిలిస్తే పేస్టులోని మందంతా పోతుంది. బ్రష్ కుచ్చు విచ్చుకుంటే మూడు నెలలు కాకున్నా మార్చండి. చీనీ రసం, చింతపులుపు, నిమ్మసోడా తాగిన అరగంట దాకా తోమవద్దు. ఆమ్లానికి మెత్తబడిన ఎనామిల్ బ్రష్షుకు అరిగిపోతుంది. నీళ్ళతో నోరు తొలిస్తే చాలు. గాడి లోతు మిల్లీమీటరు దాటితే సిమెంటు నింపించుకోండి, నరం దాకా పోనివ్వకండి.

బొరుగులు, మాంసం పీచు పళ్ళ సందులో ఇరుక్కుంటే గుండుసూది, పిన్నీసు, అగ్గిపుల్ల పెట్టకండి. సందుల్లో దూరే సన్న బ్రష్షులు మందుల షాపుల్లోనే దొరుకుతాయి. రోజూ ఒకే చోట ఇరుక్కుంటోందంటే అక్కడ పుచ్చో, ఫిల్లింగ్ అంచు లేవడమో ఉంటుంది, చూపించాలి.

పాలపండ్లు ఎట్లాగూ ఊడిపోయేవే కదా, పుప్పి పడితే సిమెంటు పెట్టించడం దండగ కాదా? మా పాపకు ఐదేండ్లు, వెనక రెండు పండ్లు నల్లబడినాయి. – ఒక తండ్రి, కర్నూలు

ముందరి పాలపళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. మీరు చెప్పిన వెనక పళ్ళు పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అంటే మీ పాప ఇంకా ఐదారేళ్ళు వాటితోనే నమలాలి. అవి ముందే పోతే వెనక పళ్ళు ముందుకు జరిగి, కింద నుంచి వచ్చే పన్నుకు చోటు ఉండదు. అది చిగుట్లోనే ఇరుక్కుంటుంది, లేదా వంకరగా వస్తుంది. అప్పుడు కట్టే క్లిప్పుల ఖర్చు ఇప్పటి ఫిల్లింగ్ ఖర్చుకు ఎన్నో రెట్లు.

పాలపన్ను ఎనామిల్ పలచన. పెద్దవాళ్ళ పన్నులో ఏళ్ళు పట్టే పుచ్చు పిల్లల్లో నెలల్లో నరం దాకా పోతుంది. ఈ వారమే చూపించండి. నరం తగలకుంటే ఫిల్లింగ్, తగిలితే పిల్లల రూట్ కెనాల్ చేసి స్టీలు క్యాప్ వేస్తారు. తీయక తప్పకపోతే చోటు నిలిపే తీగ బిళ్ళ పెట్టమని అడగండి.

ఇంకొకటి. ఆరేళ్ళకు అన్నిటికన్నా వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త దవడ పన్ను వస్తుంది. అది శాశ్వత పన్ను, జీవితాంతం ఉండాల్సింది. పాలపన్నే అనుకొని చాలామంది దాన్ని పుచ్చనిస్తారు. దాని మీది లోతు గీతల్ని ముందే సన్నటి పూతతో మూసేస్తే పుచ్చు పడే ముప్పు బాగా తగ్గుతుంది. దీన్ని సీలెంట్ అంటారు. నొప్పి లేదు, మత్తు లేదు, పన్ను అరగదీయడం లేదు. ఆరో ఏడు వచ్చిన ఏడాదిలోపు వేయించండి. పాపకు ఎనిమిదేళ్ళు వచ్చేదాకా, తను తోముకున్నాక మీరు కూడా ఒకసారి తోమాలి. మామూలు నీళ్ళున్న ఊళ్ళో మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పేస్టు చాలు. ఇంట్లో ఇంకా చిన్నబిడ్డ ఉంటే, పాలసీసా నోట్లో పెట్టుకొని నిద్రపోనివ్వకండి. పై ముందరి పళ్ళు వరసగా కరిగిపోయేది దానివల్లే.

దవడ పన్ను నొప్పికి రూట్ కెనాల్ అన్నారు, దానిమీద క్యాప్ కూడా అన్నారు. మాత్రలు వేసుకుంటే నొప్పి తగ్గిపోయింది. ఇంగ చేయించుకోవాల్నా? పీకించేస్తే తక్కువలో పోదా? – ఒక పాఠకుడు, ఆదోని

నొప్పి తగ్గడం ఇక్కడ మంచి గుర్తు కాకపోవచ్చు. చల్లటి నీళ్ళకు రెండు మూడు సెకన్లు జివ్వుమని ఆగిపోయే దశలో ఫిల్లింగ్‌తో సరిపోయేది. తర్వాత వేడికి కూడా నొప్పి వచ్చి, నిమిషాల తరబడి నిలిచి, రాత్రి పడుకుంటే పోటు ఎక్కువవుతుంది. అప్పటికి నరం తిరిగి కోలుకోలేదు. ఒక రోజు ఉన్నట్టుండి నొప్పి ఆగిపోతుంది. నరం చచ్చిపోయిందన్నమాట. చీము వేరు చివర నుంచి ఎముకలోకి దిగుతూ ఉంటుంది. యాంటీబయాటిక్ మాత్ర పన్ను లోపలికి చేరదు, అక్కడ నెత్తురు ప్రవాహం లేదు. వాపును కొంతకాలం అణచగలదు, అంతే. లవంగ నూనె దూదితో పుచ్చులో ఒక చుక్క పెడితే పూట గడుస్తుంది. నొప్పి మాత్రను నలిపి చిగురు మీద పెట్టకండి, చిగురు కాలి తెల్లగా పుండవుతుంది.

రూట్ కెనాల్‌లో జరిగేది ఇది. మత్తు ఇచ్చి, ఉమ్మి చేరకుండా రబ్బరు తెర వేసి, పన్ను నెత్తిన చిన్న రంధ్రం చేస్తారు. పాడైన నరం తీసి, ప్రతి కాలువ పొడవు కొలిచి, సన్నటి ఫైళ్ళతో లోపలి గోడల్ని శుభ్రం చేస్తూ మందు నీళ్ళతో కడుగుతారు. ఆరబెట్టి, గట్టాపర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో కొన దాకా నింపి మూసేస్తారు. చీము లేకుంటే ఒక్కసారిలో అవుతుంది, ఉంటే మధ్యలో మందు పెట్టి రెండు మూడుసార్లు రమ్మంటారు. తర్వాత రెండు మూడు రోజులు నమిలితే నొప్పి ఉంటుంది.

చెడేది ఎక్కడ? పై మొదటి దవడ పన్నులో నాలుగో కాలువ తరచుగా ఉంటుంది, చాలా సన్నగా. అది వెతక్కుండా మూడే నింపితే కొన్నాళ్ళకు మళ్ళీ చీము. నింపింది కొన దాకా పోకపోయినా అంతే. చివరి ఎక్స్‌రే చూపించమని అడగండి. నింపిన తెల్ల గీత వేరు చివరికి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల దగ్గరకు రావాలి. అన్నిటికన్నా ఎక్కువగా చెడేది మాత్రం రోగి వల్ల. తాత్కాలిక సిమెంటుతో నొప్పి పోయింది కదా అని మధ్యలో మానేస్తారు. నెలలో ఆ సిమెంటు అరిగి ఉమ్మి లోపలికి దిగి, చేసిందంతా వృథా.

క్యాప్ అందానికి కాదు. దవడ పన్ను నడుమ పైకప్పు తీసేశాక నాలుగు పలచని గోడలే మిగులుతాయి. ఒక మూలుగ ఎముకో, వేయించిన చెనక్కాయల్లో రాయో తగిలితే నిలువునా చీలుతుంది. చీలిక వేరు దాకా పోతే ఇక పీకడమే. ముందరి పన్నుకైతే ఎక్కువ భాగం మిగిలి ఉంటే క్యాప్ లేకుండా నడుస్తుంది. క్యాప్ దేనితో చేసిందైనా అంచు చిగురు దగ్గర నున్నగా కలవాలి. నాలుకకు మెట్టులా తగిలితే వెనక్కి పంపండి.

పీకించేస్తే ఆ రోజుకు తక్కువ. ఏడాది తిరిగేసరికి పక్క పన్ను ఖాళీలోకి వాలుతుంది, ఎదురు పన్ను కిందికి దిగుతుంది. అప్పుడు పక్క పళ్ళ మీద ఆనించి కట్టే బ్రిడ్జికి రెండు మంచి పళ్ళు అరగదీయాలి, లేదా ఎముకలో మరలా దించే ఇంప్లాంట్ వేసి, దానికి ఎముక అతకడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. వేరు చీలిపోయి ఉంటేనో, చుట్టూ ఎముక కరిగిపోయి ఉంటేనో పీకడమే న్యాయం. లేకుంటే పన్ను నిలుపుకోండి. బుగ్గ వాచి, వాపు గవద కిందికి దిగి, మింగడం కష్టమైనా, నోరు తెరవలేకపోయినా, జ్వరం వచ్చినా క్లినిక్ కోసం చూడకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి, రాత్రయినా సరే.

ప్రైవేటులో అంత పెట్టలేము. తక్కువలో ఎక్కడ చేస్తారు? – మైదుకూరు

కడపలో రిమ్స్ ఆవరణలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఫిల్లింగ్, క్లీనింగ్, పళ్ళు తీయడం, రూట్ కెనాల్, కట్టుడు పళ్ళు అన్నీ అక్కడి వేర్వేరు విభాగాల్లో చేస్తారు. విద్యార్థులు చేస్తుంటే గురువులు దశదశకూ చూసి సరిదిద్దుతారు. అందుకే సమయం ఎక్కువ పడుతుంది, నాలుగైదుసార్లు తిరగాలి. పొద్దున్నే ఓపీ తెరిచే వేళకు ఆధార్ కార్డు, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ పట్టుకొని వెళ్ళండి. కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లోనూ దంత విభాగాలున్నాయి.

మా నాయనకు 62. షుగర్ పదేండ్లుగా ఉంది, గుండెకు ఆస్పిరిన్ వేసుకుంటాడు. రెండు పండ్లు తీయాలన్నారు. షుగర్ ఉంటే మానదని భయపడుతున్నాడు. – జమ్మలమడుగు

షుగర్ అదుపులో ఉంటే మానుతుంది. గడిచిన మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష కాగితం తీసుకెళ్ళండి. పొద్దున పూట సమయం తీసుకోండి. టిఫిన్ తిని, రోజూ వేసుకునే షుగర్, బీపీ మాత్రలు వేసుకొని రావాలి. పన్ను పీకుతారని ఏమీ తినకుండా వస్తే డాక్టరు కుర్చీలోనే షుగర్ పడిపోయి చెమటలు పడతాయి. ఆస్పిరిన్ మీ అంతట మీరు ఆపకండి. ఒకటి రెండు పళ్ళకు దాన్ని ఆపాల్సిన అవసరం సాధారణంగా రాదు, నెత్తురు దూది ఒత్తిడితో, ఒక కుట్టుతో ఆగుతుంది. ఆపితే గుండెకు వచ్చే ముప్పు పెద్దది. ఎముకల బలానికి ఏడాదికోసారి ఇంజెక్షన్ తీసుకుంటుంటే మాత్రం ముందే చెప్పాలి, దవడ ఎముక మానడం దానితో చెడవచ్చు.

తీసిన తర్వాత డాక్టరు పెట్టిన మెత్తటి గాజ్ గుడ్డను 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కరిచి ఉంచాలి. మాటిమాటికీ తీసి చూడకూడదు. ఆ గుంతలో గడ్డకట్టే నెత్తురే అసలు మందు. అందుకే 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో పీల్చడం వద్దు. బీడీ, సిగరెట్టు కనీసం మూడు రోజులు ముట్టకూడదు. మొదటి రోజు బయటి నుంచి ఐస్, పది నిమిషాలు పెట్టి పది నిమిషాలు తీస్తూ ఉండాలి. పెరుగన్నం, చల్లారిన రాగి జావ తినవచ్చు. రెండో రోజు నుంచి ఉప్పునీళ్ళు, మెల్లగా. మొదటి రోజు తగ్గిన నొప్పి మూడో రోజు మళ్ళీ పెరిగి చెవి దాకా లాగితే, గుంత ఖాళీగా కనపడి దుర్వాసన వస్తే, గడ్డ ఊడిపోయి ఎముక బయటపడిందని. మాత్రలు పెంచుకుంటూ కూర్చోకండి. డాక్టరు కడిగి మందు పెడితే గంటల్లో ఉపశమనం వస్తుంది.

మిగిలిన పళ్ళ చిగుళ్ళకు కూడా వైద్యం చేయించండి. చిగుళ్ళ వాపు షుగర్‌ను పెంచుతుంది, షుగర్ చిగుళ్ళను చెడగొడుతుంది. చిగుళ్ళు బాగుచేస్తే హెచ్‌బీఏ1సీ సుమారు 0.4 శాతం దాకా తగ్గుతుంది. ఒక చిన్న మాత్ర చేసేంత పని అది.

లారీ నడుపుతాను. వక్కపొడి, గుట్కా పదేండ్ల అలవాటు. కారం తింటే నోరు మండుతుంది, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. – తాడిపత్రి

మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో చూడండి. రెండే పడితే వక్క వల్ల బుగ్గ లోపలి కండ నారగా గట్టిపడిపోయిందని. ఇది వెనక్కి పోయే జబ్బు కాదు, ఆపగలిగేది మాత్రమే. పైగా క్యాన్సర్‌కు దారి తీయగలదు. వక్కపొడి, గుట్కా, ఖైనీ అన్నీ ఈ రోజే ఆపి, దంతవైద్యుడికి చూపించి, నోరు తెరిచే వ్యాయామాలు నేర్చుకోండి. నోట్లో ఏ పుండైనా, తెల్ల, ఎర్ర మచ్చైనా రెండు వారాలకు మానకపోతే ముక్క తీసి పరీక్ష చేయించాలి. నొప్పి లేని పుండు గురించే ఎక్కువ జాగ్రత్త పడండి.

బడిలో ఆటల మాస్టరుని. మొన్న కబడ్డీలో ఒక పిల్లవాడి ముందరి పన్ను వేరుతో సహా ఊడిపోయింది. కాగితంలో చుట్టి ఇంటికి పంపినాము. ఏం చేసి ఉండాల్సింది? – ఎమ్మిగనూరు

శాశ్వత పన్నయితే తిరిగి అతుకుతుంది, కానీ గంటలోపు. పన్ను మెరిసే భాగాన్ని పట్టుకోవాలి, వేరును తాకకూడదు. మట్టి అంటితే పాలతోనో, చల్లటి శుభ్రమైన నీళ్ళతోనో పది సెకన్లు తొలవాలి. రుద్దకూడదు, సబ్బు వద్దు, వేరు మీద అంటుకున్న సన్నటి పొరే దాన్ని బతికించేది. పిల్లవాడు స్పృహలో, ధైర్యంగా ఉంటే అదే గుంతలో సరిగ్గా తిప్పి పెట్టి, మడిచిన రుమాలు కరిపించి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పెట్టడానికి భయమైతే చల్లటి పాలల్లో వేసి తీసుకెళ్ళండి, బడి దగ్గర టీ కొట్టులో కాచి చల్లార్చిన పాలు దొరుకుతాయి. కాగితంలో, గుడ్డలో ఎండితే వేరు పొర అరగంటలోనే చచ్చిపోవడం మొదలవుతుంది. నీళ్ళలో నానబెట్టినా పాడవుతుంది. ఆసుపత్రిలో పన్నును సన్నటి తీగతో పక్క పళ్ళకు రెండు వారాలు కట్టి ఉంచుతారు, టీటీ ఇంజెక్షన్ అవసరమా అని చూస్తారు, పెద్ద పిల్లలకు ఆ రెండు వారాల్లోపే రూట్ కెనాల్ మొదలుపెడతారు. ఊడింది పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్న పన్నుకు దెబ్బ తగులుతుంది. ఆరేడేళ్ళ పిల్లల్లో ఏ పన్నో తేల్చుకోలేకపోతే పాలల్లో వేసి తీసుకెళ్ళండి, డాక్టరు చూసి చెబుతారు. మీరు చెప్పిన పిల్లవాడిని ఇప్పటికైనా పంపండి. విరిగిన ఎముక, పక్క పళ్ళ నరాలు ఎలా ఉన్నాయో ఎక్స్‌రేలో చూడాలి, ఖాళీ పూడిపోకుండా తాత్కాలిక పన్ను పెట్టాలి.